రూమ్ అలాట్‌మెంట్ లిస్టు ఇచ్చిన అన్నదమ్ములు

1990లో ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) వరంగల్‌లో చేరిన బ్యాచ్ మాది. 2002లో ఎన్ఐటీ అయింది కానీ మా బ్యాచ్ వాళ్లెవరికీ ఆ పేరు నోట్లో ఆడదు, ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటాం. మా వింగ్ గురించి, అంటే హాస్టల్లో ఒకే వరసలో ఉన్న గదుల వాళ్ల గురించి, మరీ ముఖ్యంగా నా రూమ్‌లో ఉన్న ఇద్దరి గురించి రాయాలని ఎన్నాళ్ల నుంచో ఉంది, ఇవాళ కూర్చున్నా. అసలు పేర్లు రాయను, మేము పిలుచుకున్న పేర్లే రాస్తా, మా వాళ్లు చదివితే ఎవరు ఎవరో వాళ్లకి తెలుస్తుంది, అది చాలు.

ముందు ఆర్‌ఈసీల సంగతి కొంచెం చెప్పాలి, అది లేకపోతే మా స్నేహాల సంగతి అర్థం కాదు. రెండో పంచవర్ష ప్రణాళిక రోజుల్లో, ప్రాజెక్టులకీ ఫ్యాక్టరీలకీ ఇంజనీర్లు కావాలని కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టిన కాలేజీలు ఇవి. అన్నిటికంటే ముందు వచ్చింది మాదే, 1959 అక్టోబర్ 10న నెహ్రూ గారు స్వయంగా వచ్చి శంకుస్థాపన చేశారు. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకి, సగం బయటి రాష్ట్రాల వాళ్లకి. ఆ రూల్ రాసిన పెద్దమనుషులెవరో నాకు తెలీదు గానీ వాళ్లకి రోజూ దణ్ణం పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ ఒక్క రూల్ వల్ల దివిసీమలో పుట్టిన నేను, ఒరిస్సా సముద్రం ఒడ్డున పుట్టిన ఒకడు, పాలక్కాడ్ నుంచి వచ్చిన ఇంకొకడు ఒకే గదిలో మూడు మంచాలేసుకుని పడుకున్నాం. మేము ఒకళ్లనొకళ్లం కోరుకోలేదు, హాస్టల్ ఆఫీసు బయట గోడకి అంటించిన టైపు కాగితంలో మా మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అంతే.

మా మేనల్లుడు అమెరికాలో డిగ్రీ చదువుతున్నాడు, పుట్టి పెరిగింది అక్కడే. వాడు ఫ్రెటర్నిటీలో చేరాడట, ఆ కబుర్లు చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నా. గ్రీకు అక్షరాల పేర్లు, వాళ్లకంటూ ఒక ఇల్లు, కొత్తగా చేరినవాడికి ఒక సీనియర్‌ని బిగ్ బ్రదర్‌గా ఇవ్వడం, చదువు అయిపోయాక కూడా జీవితాంతం బ్రదర్స్ అనుకోవడం. ఈ గ్రీకు అక్షరాల సొసైటీలు అక్కడ 1776లోనే మొదలయ్యాయట, అంటే వాళ్ల దేశం ఎంత పాతదో ఇవీ అంత పాతవి. వినడానికి బాగుంది, నిజంగా బాగుంది, వాడి కళ్లల్లో ఆ మెరుపు చూస్తే ముచ్చటేసింది. "మీకు ఇలాంటిది ఉండేదా మామయ్యా?" అన్నాడు. ఉండేది రా అన్నా, కానీ ఒక్క తేడా ఉంది. మీ దగ్గర ముందు వారం రోజులు కలిసి తిరిగి, ఒకళ్లనొకళ్లు చూసుకుని, వీడు మనవాడు అనుకుంటేనే లోపలికి పిలుస్తారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎంచలేదు, మా వింగ్‌లో ఎవడు ఎవడికి నచ్చుతాడో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నచ్చినా నచ్చకపోయినా పొద్దున్న లేస్తే వాడి మొహమే, నీళ్ల దగ్గర లైన్లో వాడే, మెస్‌లో ఎదురుగా వాడే. అలా ఉండగా ఉండగా అన్నదమ్ములమైపోయాం, అదెప్పుడు జరిగిందో ఎవరం చెప్పలేం.

మాది అవనిగడ్డ దగ్గర పల్లె. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, ఒక బకెట్టు, అమ్మ పెట్టిన జంతికల డబ్బా తీసుకుని చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా బస్సులో బెజవాడ వచ్చి, నాన్న నేను గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కాజీపేటలో దిగితే అక్కడి నుంచి కాలేజీ దగ్గరే, ఫాతిమానగర్ దాటితే వచ్చేస్తుంది. నాన్న మధ్యాహ్నం దాకా ఉండి, మంచం కాళ్లు ఊపి చూసి, కిటికీ గడియ పడుతుందో లేదో చూసి, సాయంత్రం బండికి వెళ్లిపోయారు. అప్పటికి రూమ్‌లో జగ్గా ఒక్కడే ఉన్నాడు. వాడి అసలు పేరు వేరు, పూరీ జగన్నాథుడి ఫోటోకి దణ్ణం పెట్టకుండా మంచం దిగడు కాబట్టి వింగ్ మొత్తానికి జగ్గా అయ్యాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఇంటర్ దాకా తెలుగు మీడియం, వాడికి తెలుగు రాదు, ఇద్దరికీ హిందీ అంతంత మాత్రం. జంతికలు పెట్టా, వాడు వాళ్లమ్మ చేసిన పిఠాలు, అంటే బియ్యప్పిండి పిండివంట, పెట్టాడు. మర్నాడు చేట్టన్ వచ్చాడు పాలక్కాడ్ నుంచి, మనిషి పొడుగు, మాట నెమ్మది, లెక్కల్లో దిట్ట.

అక్టోబర్‌లో ఒక రాత్రి పెద్ద వాన. గాలి కూడా గట్టిగా ఉంది, కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి, కరెంటు పోయింది. నాకు గాలి శబ్దం వింటే నిద్ర పట్టదు, అది చిన్నప్పటి నుంచీ ఉంది. లేచి మంచం మీద కూర్చున్నా. చూస్తే చీకట్లో జగ్గా కూడా కూర్చునే ఉన్నాడు. చేట్టన్ మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. "నీకూ నిద్ర రావట్లేదా" అన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు చెప్పా, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, 1977 నవంబర్ 19. నాకు ఐదేళ్లు. ఉప్పెన వచ్చిన రోజు అమ్మ నన్ను ఎత్తుకుని ఊళ్లో ఉన్న ఒక్క మేడ మీదకి ఎక్కిందట, నాకు గుర్తున్నది నీళ్ల శబ్దం, అమ్మ చీర కొంగు నా నడుముకి కట్టి ఉండటం, అంతే. దివిసీమలో పది వేల మందికి పైగా పోయారు, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లే కొట్టుకుపోయాయి, మా చిన్నమ్మమ్మ వాళ్లింట్లో ఒక్కళ్లు మిగల్లేదు. మేము కాలేజీలో చేరిన ఏడాదే మే నెలలో ఇంకో పెద్ద తుఫాను కూడా వచ్చింది మా వైపు. జగ్గా అంతా విన్నాడు. వాడిది జగత్‌సింగ్‌పూర్ వైపు ఎర్సమా దగ్గర ఊరు, అదీ సముద్రం పక్కనే, వాళ్ల నాన్న కూడా గాలి మొదలైతే పడుకోడట, లాంతరు పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడట. ఆ రాత్రి వాన తగ్గేదాకా మేమిద్దరం అలా కూర్చునే ఉన్నాం. నా మటుకు నాకు జగ్గాతో స్నేహం ఆ రాత్రి నుంచే.

మా వింగ్‌లో లూధియానా నుంచి వచ్చిన పాజీ ఉండేవాడు, కలకత్తా దాదా ఉండేవాడు, నిజామాబాద్, కడప, శ్రీకాకుళం వాళ్లు ఉండేవాళ్లు, ఐజ్వాల్ నుంచి వచ్చిన ఒకడు ఉండేవాడు, వాడిని ఆర్టిస్ట్ అనేవాళ్లం. ఆర్టిస్ట్ చేతిరాత నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు గుర్తున్నాయి కదా, మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని తిరగడం, సబ్మిషన్ ముందు రోజు రాత్రి కిటికీ అద్దం కింద బల్బు పెట్టి జీటీ కొట్టడం, అంటే ఇంకొకడి షీటు మీద మన షీటు పెట్టి గీతలు దించుకోవడం. గీతలు ఎలాగోలా ఎక్కించేవాళ్లం, లెటరింగ్ మాత్రం వాడే. పేరు, రోల్ నంబర్, టైటిల్ బ్లాక్, అంతా వాడి చేత్తో. వింగ్ షీట్లన్నీ వరసగా నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోయేవాడు, తెల్లారేసరికి అయిపోయేవి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దానికి బదులు వాడికి కావాల్సింది ఒక్కటే, పొద్దున్న ఎవరో ఒకళ్లు వాడికి టీ తెచ్చి ఇవ్వాలి.

చేట్టన్ నాకు చదువు చెప్పాడు. ఇది మామూలుగా అనేసే మాట కాదు. మొదటి సెషనల్స్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షల్లో, ప్రశ్నపత్రం చదివితే సగం మాటలు అర్థం కాలేదు, సబ్జెక్టు తెలుసు, భాష తెలీదు. ఆ రాత్రి చేట్టన్ ఏమీ అనకుండా నా మంచం మీదకి వచ్చి కూర్చుని మ్యాథ్స్ పుస్తకం తీసి, రోజుకొక పేజీ బయటికి చదవమన్నాడు. తప్పు చదివితే ఆపి, సరిగ్గా పలికించి, ముందుకెళ్లమనేవాడు. ఏడాది పాటు, మెస్‌లో రాత్రి భోజనం అయ్యాక, పడుకునే ముందు. వాడు మాత్రం తెలుగు హనుమకొండ చౌరస్తాలో సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నాడు, ఆర్టీసీ బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాడు, రెండో సంవత్సరానికి నాకంటే శుభ్రంగా తెలుగు పేపర్ చదివేవాడు. ఈరోజు నేను నలుగురి ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుతున్నానంటే ఆ రాత్రుల వల్లే.

మెస్ గురించి రాయకపోతే హాస్టల్ గురించి రాసినట్టే కాదు. వడ్డించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, దగ్గర ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఎవరు తక్కువ తింటున్నారో ఆయనకి తెలిసిపోయేది. "ఏం బిడ్డా, కడుపు నిండలే, ఇంకింత ఏస్కో" అని గరిటె పట్టుకుని నిలబడేవాడు. బయటి రాష్ట్రం వాళ్లకి ఆయన మాట అర్థం కాకపోయినా అర్థమయ్యేది. పాజీకి రొట్టె లేకపోతే ముద్ద దిగేది కాదు మొదట్లో, ఆయన వాడి కోసం వంటింట్లో చెప్పి నాలుగు విడిగా వేయించి, గుడ్డలో చుట్టి ఉంచేవాడు. పరీక్షలప్పుడు జ్వరం వస్తే రూమ్‌కి జావ పంపించేవాడు. పాజీ నాలుగేళ్లలో పచ్చి మిరపకాయ నంజుకుని పప్పన్నం తినేదాకా వచ్చాడు, గోంగూర పచ్చడి సీసాలు లూధియానా మోసుకెళ్లాడు.

దసరాకి మేము ఇళ్లకి పోయేవాళ్లం, దూరం వాళ్లు ఉండిపోయేవాళ్లు. ఒక ఏడాది నేను కూడా వెళ్లలేదు, వీళ్లతో ఉన్నా. మా కోస్తా వాడిని కదా, బతుకమ్మ అంటే వినడమే గానీ చూడలేదు అప్పటిదాకా. పద్మాక్షి గుట్ట దగ్గరికి అందరం నడుచుకుంటూ వెళ్లాం సద్దుల రోజు. తంగేడు, గునుగు, బంతి పూలు గోపురాల్లా పేర్చి, ఆడవాళ్లు వందల్లో వచ్చి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటే, చేట్టన్ కదలకుండా నిలబడిపోయాడు, వాళ్ల ఊళ్లో ఓణానికి ముంగిట్లో పూలు పరుస్తారట, "ఇక్కడ పూలని నిలబెట్టారు" అన్నాడు. ఒక పెద్దావిడ మా అందరి చేతుల్లో సత్తుపిండి, నువ్వులపొడి పెట్టింది, ఎక్కడి పిల్లలు, ఏ ఊరు అని అడిగి, అమ్మా నాన్నలకి ఉత్తరం రాస్తున్నారా అని కూడా అడిగింది.

టీవీ రూమ్ సంగతి వేరే రాయాలి అసలు, అది పెద్ద కథ. ఒక్కటి మాత్రం చెప్తా. 1993 నవంబర్ 24, హీరో కప్ సెమీ ఫైనల్, ఈడెన్ గార్డెన్స్, లైట్ల కింద. సౌతాఫ్రికాకి ఆఖరి ఓవర్లో ఆరు పరుగులు కావాలి, బంతి ఎవరికిస్తారా అంటే టెండూల్కర్ తీసుకున్నాడు, మా వయసు వాడు. రూమ్‌లో కిటికీల మీద కూడా మనుషులు ఎక్కి ఉన్నారు, ఒక్కడు మాట్లాడట్లేదు. మూడే పరుగులిచ్చాడు, రెండు పరుగుల తేడాతో గెలిచాం. దాదా వాళ్ల ఊరి గ్రౌండ్ కదా, వాడు ఏడుస్తూ నన్ను పట్టుకుని ఎత్తేశాడు, ఆ రాత్రి హాస్టల్ హాస్టలంతా బయటే ఉంది.

ఫైనల్ ఇయర్‌లో, 1994 ఫిబ్రవరిలో మేడారం వెళ్లాం. జాతర రెండేళ్లకోసారి కదా, మాకు అదే ఆఖరి అవకాశం. హనుమకొండలో ఆర్టీసీ స్పెషల్ బస్సు పట్టుకుని ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా వెళ్తుంటే దారి పొడుగునా ఎడ్ల బళ్లు, బళ్ల మీద ఇల్లంతా, గంపల్లో కోళ్లు, అడవిలో ఎక్కడ చూసినా పొయ్యిల పొగ. జంపన్నవాగులో స్నానం చేసి, గద్దెల దగ్గరికి ఆ జనంలో ఒకళ్ల చొక్కా ఒకళ్లు పట్టుకుని వెళ్లాం. అమ్మవారికి బెల్లమే బంగారం అక్కడ. పాజీ మొక్కుకున్నాడు, వాళ్లమ్మకి ఆపరేషన్ ఉంది ఆ నెలలో, తన బరువంత బెల్లం ఇస్తానని. అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు, అందరి జేబులూ ఖాళీ చేసి, తూకం వేయించి సమర్పించాం, తిరిగి రావడానికి బస్సు టికెట్లకి మాత్రం ఉంచుకున్నాం. వాళ్లమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, మా పెళ్లిళ్లన్నిటికీ కార్డు వెళ్తే తిరుగు టపాలో ఐదు వందల మనీయార్డరు పంపేది. వచ్చేటప్పుడు పాలంపేటలో దిగి రామప్ప చూశాం. 1213లో కట్టిన గుడి, నీళ్లల్లో తేలే ఇటుకలతో శిఖరం, నల్లరాతి మదనికలు, ఆర్టిస్ట్ ఒక స్తంభం ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు, నోట్‌బుక్‌లో వేసుకుంటూనే ఉన్నాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మా గ్రూపులో అందరూ పెట్టిన మొదటి మాట ఆర్టిస్ట్ గురించే.

ఇంతకుముందు జరిగింది ఒకటి ఉంది, దాన్ని దాటేసి వెళ్లలేను. రెండో సంవత్సరంలో నాన్న పోయారు. టెలిగ్రామ్ రాత్రి వచ్చింది, వార్డెన్ గారు స్వయంగా రూమ్‌కి తెచ్చి ఇచ్చారు. నాకు ఆ తర్వాత జరిగింది సరిగ్గా గుర్తు లేదు, ఎవరో బ్యాగ్ సర్దారు, ఎవరో డబ్బులు పోగు చేశారు, కాజీపేటలో ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కాం, నేను జగ్గా. వాడు వస్తానని చెప్పలేదు, నేను రమ్మనలేదు, బండిలో చూస్తే పక్కన ఉన్నాడు. పెద్దకర్మ అయ్యేదాకా మా ఊళ్లో ఉన్నాడు, సెషనల్స్ వదిలేసుకుని. బావి నుంచి నీళ్లు తోడాడు, వచ్చిన చుట్టాలకి విస్తళ్లు వేశాడు, అమ్మ అన్నం తినకపోతే పక్కన కూర్చుని తనూ తినకుండా ఉన్నాడు, వాడు తినడం కోసం అమ్మ తినేది. అప్పటి నుంచి అమ్మకి ఇద్దరు కొడుకులు. ఆ తర్వాత వేసవిలో నేను వాళ్ల ఊరు వెళ్లా, కటక్‌లో దిగి బస్సులో, రథయాత్ర చూశాను, వాళ్లింట్లో నీళ్లల్లో నానబెట్టిన చద్దన్నం, వేయించిన చేపలు, వాళ్ల నాన్న చూపించిన ఆ గట్టు, అన్నీ చూశా. మా ఊరికీ ఆ ఊరికీ తేడా లేదు, ఆ మట్టి వాసన కూడా అదే.

1994లో విడిపోయాం. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో పాజీ, ఈస్ట్ కోస్ట్‌లో దాదా, జగ్గా, కేరళ ఎక్స్‌ప్రెస్‌లో చేట్టన్, రోజుకొకళ్లని ఎక్కించి వచ్చేవాళ్లం. దాని గురించి ఎక్కువ రాయలేను.

1999 అక్టోబర్ నాటికి నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నా, జగ్గా మస్కట్‌లో ఉన్నాడు. ఆ నెల మధ్యలో గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను కొట్టింది, అది చాలదన్నట్టు 29న ఇంకోటి పారాదీప్ దగ్గర తీరం దాటింది, సూపర్ సైక్లోన్. గంటకి 260 కిలోమీటర్ల గాలి. మర్నాడు ఆఫీసుకి మస్కట్ నుంచి ఫోన్. ఇంటికి లైన్ లేదు, జగత్‌సింగ్‌పూర్‌లో ఎవరికీ లైన్ లేదు, వెంటనే రావడానికి దారి లేదు, వాడి గొంతు వినలేకపోయా. నేను వెళ్తున్నా రా అన్నా. మా శ్రీకాకుళం వాడు కూడా విశాఖలోనే ఉండేవాడు, వాడు ఒక జీపు మాట్లాడాడు. అమ్మకి ఫోన్ చేస్తే అమ్మ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత గబగబా చెప్పింది, "బియ్యం ఎవరైనా తెస్తారు, వండుకోడానికి గిన్నెలుండవు, గిన్నెలు పట్టుకెళ్లు. అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో చుట్టు. ఆడవాళ్లకి చీరలు, లంగాలు. బావులన్నీ ఉప్పెక్కుంటాయి, మంచినీళ్లు ఎన్ని పడితే అన్ని." 1977లో అమ్మకి ఏవి లేక ఇబ్బంది పడిందో అవన్నీ వరసగా చెప్పింది. అన్నీ కొన్నాం. సుత్తులు, మేకులు, టార్పాలిన్లు, కిరసనాయిలు కూడా.

శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురం దాకా జీపు మామూలుగానే వెళ్లింది. భువనేశ్వర్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద చెట్లే, నరకడం, జరపడం, కొంచెం ముందుకెళ్లడం, మళ్లీ ఆగడం. జగత్‌సింగ్‌పూర్ దాటాక కొంత దూరం పోయి జీపు ఆగిపోయింది, అక్కడి నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాం. దారిలో చూసినవి రాయను. ఆ తుఫానులో దాదాపు పది వేల మంది పోయారు, ఎక్కువ మంది ఆ ఎర్సమా చుట్టుపక్కలే. నేను ఏడేళ్ల కిందట చూసిన ఊరు అక్కడ లేదు, వాళ్ల నాన్న చూపించిన గట్టు ఆనవాలు పట్టి ఊరెక్కడో పోల్చుకున్నా. స్కూలు బిల్డింగ్ ఒకటి నిలబడి ఉంది, ఊళ్లో మిగిలిన జనం అందులో ఉన్నారు. జగ్గా వాళ్ల నాన్న, అమ్మ అక్కడే ఉన్నారు. బామ్మ లేదు. వాళ్లమ్మ నన్ను చూసి పక్కనున్న వాళ్లతో ఒడియాలో మా అబ్బాయి వచ్చాడు అంటోంది, వాళ్లు జగ్గా అనుకుని చూస్తున్నారు, ఆవిడ మళ్లీ అదే అంటోంది. మూటలు విప్పి గిన్నెలు బయటికి తీస్తే స్కూల్లో ఉన్న ఆడవాళ్లందరూ ముందు వాటి కోసమే వచ్చారు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమైంది. జగ్గా చేరుకునేదాకా మేమిద్దరం అక్కడే ఉన్నాం, వాడు వచ్చాక కూడా కొన్నాళ్లు ఉండి గుడిసె లేపి వచ్చాం. చేట్టన్, పాజీ, దాదా ఎక్కడెక్కడి నుంచో డ్రాఫ్టులు పంపారు, ఆ డబ్బుతోనే ఆ తర్వాతి ఏడాది ఇంటికి పునాది పడింది, ఈసారి ఎత్తు మీద, కాంక్రీటు కప్పుతో. డిజైన్ మా వింగ్‌లో సివిల్ చదివిన కడప వాడు చేశాడు.

2019లో మా బ్యాచ్‌కి పాతికేళ్లు, కాలేజీకి అరవై ఏళ్లు. చాలామంది వచ్చారు, పిల్లలతో, బట్టతలలతో, మోకాళ్ల నొప్పులతో. మెస్ పెద్దాయన అప్పటికి లేరు, వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లి కొడుకుని కలిసి, ఫోటోకి దండ వేసి వచ్చాం, వాళ్ల కోడలు కూడా ఆయన లాగే ఇంకింత ఇంకింత అంటూ పెట్టింది. హాస్టల్‌కి వెళ్తే ఇప్పటి పిల్లలు ఎంతో మర్యాదగా రూమ్‌లోకి రానిచ్చారు. మాటల్లో తెలిసింది, చాలామంది చేరకముందే ఫోన్లలో గ్రూపులు కట్టుకుని, తమ భాష వాళ్లతోనే రూమ్ పడేలా చూసుకుంటున్నారట. వాళ్లని తప్పు పట్టను, కొత్త చోట భయం ఉంటుంది. కానీ నాకు వీలుంటే ప్రతి హాస్టల్ వార్డెన్‌కీ చెప్తా, మొదటి ఏడాది మాత్రం లిస్టు మీరే వెయ్యండి, కలిపి వెయ్యండి అని. సొంత రాష్ట్రం సగం, బయటి రాష్ట్రాలు సగం అనే రూల్ ఎన్ఐటీల్లో ఇప్పటికీ ఉంది, గేటు దాకా కలిపి తెచ్చి గదుల్లో విడదీస్తే ఆ రూల్ దేనికి.

2024లో ముప్పై ఏళ్లని మళ్లీ కలిశాం, ఈసారి మా వింగ్ వరకే. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం 2006లో విప్పేశారు కదా, మళ్లీ నిలబెట్టి ఆ ఏడాది మార్చిలోనే తెరిచారు, అది చూడాలని అందరం హనుమకొండలోనే దిగాం. అమ్మ కూడా వచ్చింది, జగ్గా చెయ్యి పట్టుకుని మండపం మెట్లెక్కింది, నా చెయ్యి పట్టుకోలేదు, వాడిదే. జగ్గా ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉంటున్నాడు, చేట్టన్ కోయంబత్తూరులో, పాజీ లూధియానాలోనే. నెలకోసారి ఆదివారం రాత్రి అందరం ఫోన్లో కలుస్తాం, ఎవరి ఇంట్లో ఏ పిల్లకి ఏ పరీక్ష ఉందో అందరికీ తెలుసు. మా పెద్దమ్మాయి కలకత్తాలో ఉద్యోగంలో చేరినప్పుడు హాస్టల్ వెతకనివ్వలేదు దాదా, ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లోనే ఉంచుకున్నాడు.

ఒక్కడే దొరకట్లేదు, ఆర్టిస్ట్. 1996 దాకా కొత్త సంవత్సరానికి కార్డు వచ్చేది, చేత్తో వేసినది, రామప్ప మదనిక ఒకటి ప్రతి కార్డు మీదా ఉండేది. ఆ తర్వాత ఆగిపోయింది. మేము రాసిన ఉత్తరాలు అడ్రస్ మారిందని తిరిగొచ్చాయి. మెకానికల్, 1990 నుంచి 94, ఐజ్వాల్ వాడు, ఎడమ చేత్తో రాస్తాడు, తెలుగు బాగా అర్థమవుతుంది, "ఛాయ్ ఎక్కడ రా" అని స్వచ్ఛంగా అంటాడు. దాదా ఒకసారి ఐజ్వాల్ వెళ్లి కూడా వాకబు చేశాడు, గౌహతి వైపు వెళ్లాడని ఎవరో అన్నారట, అక్కడితో ఆగింది. ఈశాన్యంలో పని చేసినవాళ్లు, ఆర్మీలో, రైల్వేలో, బ్యాంకుల్లో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. మీకు ఇలాంటి మనిషి ఎక్కడైనా తగిలి ఉంటే, వాడి చేతిరాత చూసి ఉంటే, ఆర్‌ఈసీ వింగ్ వాళ్లు వెతుకుతున్నారని వాడికి చెప్పండి, నాకు ఒక్క కబురు పెట్టండి. ఎక్కడున్నా మేమే వెళ్తాం.